పన్నెండు కేజీల విల్లు

విల్లు పట్టినందుకు నా చేతిలో ఇప్పటిదాకా ప్రాణం పోయింది ఒక్కదానికే. అది మా అత్తగారి సత్తు బిందె. నేను గురి పెట్టింది పనసచెట్టు మానుకి. బిందె ఉన్నది పక్కింటి అరుగు మీద. రెండింటికీ మధ్య ఎడ్లబండి తిప్పుకునేంత చోటుంది. బాణం అంత చోటునీ వదిలేసి, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు తిన్నగా బిందె దగ్గరికే వెళ్లింది. బిందె కడుపులోంచి నీళ్లు ధారగా కారుతుంటే, ఊరంతా నిలబడి చూసింది. పెళ్లయి అప్పటికి మూడు నెలలు.

"గురికేటి తక్కువ లేదురా అల్లుడా. అదే అడివిపంది అయ్యుంటే ఈపాటికి కూర ఉడికీసేది" అన్నాడు మా మామ.

మా అత్త మాత్రం ఏమీ అనలేదు. అనకుండా దాచుకుని, ఏడాదికోసారి తీర్చుకుంటోంది. అదెలాగో ముందుకెళ్లాక చెప్తాను.

మాది నర్సీపట్నం. ఏడో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ కుదరక, ఇద్దరిలో ఒకరు బడి మానెయ్యాల్సి వచ్చింది. ఆయనకి జీతం ఉంది కాబట్టి నేనే మానేశాను. అప్పటినుంచి లారీ కమాన్లు బాగుచేసే షెడ్డులో పని. లారీ కింద ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఇనప పట్టీలుంటాయి చూశారా, బరువంతా వాటి మీదే ఉంటుంది. అవి విరిగితే మా దగ్గరికొస్తాయి. మా ఆవిడది కొండ మీద ఊరు. కృష్ణదేవిపేట దాటాక ఆటో ఇక నావల్ల కాదని ఆగిపోయే చోటు నుంచి గంటన్నర నడక. సంతకి పసుపు అమ్ముకోడానికి దిగిన పిల్ల, ఆటోలో నా పక్కన కూర్చుని, నేను వేసిన జోకులకి దారి పొడవునా నవ్వలేదు. దిగేటప్పుడు మాత్రం "అయిపోనాయా?" అని అడిగింది. అంతే, పడిపోయాను.

మా అత్తోరి ఊళ్లో చైత్రమాసంలో ఇటుకల పండగ చేస్తారు. పండగకి మగాళ్లందరూ విల్లంబులు పట్టుకుని వేటకి వెళ్తారు. ఇప్పుడు అడివిపందిని కొడితే కేసు, ఫారెస్టు వాళ్లు ఊరుకోరు. అందుకని వేట మూడొంతులు నడక, ఒక వంతు కేకలు అయిపోయింది. ఏం దొరికింది, దొరకలేదన్నది కొండ దిగనివ్వరు. నేనూ దించను. వెళ్లినవాళ్లు వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు ఊరి మొదట కాపు కాసి, పేడనీళ్లు కుమ్మరించి, "ఏటి, పందే మిమ్మల్ని తరిమిందా?" అని తిట్టి లోపలికి పంపుతారు. మా అత్త తన వంతు పేడనీళ్లన్నీ నాకోసమే అట్టేపెడుతుంది. ఒక్క చుక్క కూడా పక్కవాడి మీద పడదు. గురి అంటే అదీ.

వేటలో మనుషులు రెండు రకాలు. విల్లు పట్టుకుని ముందు వరసలో నిలబడేవాళ్లు ఒకరు. వెనక నుంచి డప్పులు, డబ్బాలు కొట్టి, అరిచి, పొదల్లోంచి పందుల్ని లేపేవాళ్లు ఇంకొకరు. బిందె చచ్చిన మర్నాడే నాకు ఒక ఖాళీ నూనె టిన్నూ, ఒక కర్రా ఇచ్చారు. పదకొండేళ్లయింది. టిన్ను మార్చారు గానీ పని మార్చలేదు.

ముందు వరసలో ఎవరు నిలబడాలన్నది పండగకి రెండు రోజుల ముందు తేలుతుంది. ఊరి మధ్య ఒక అరటి బోదె పాతుతారు. నలభై అడుగుల దూరం నుంచి ఒక్కొక్కరికీ మూడు బాణాలు. బాణం ములికి బోదెలో దూరి అవతలి వైపు కనిపించాలి. మూడింట్లో ఒక్కటైనా కనిపిస్తే ముందు వరస. లేకపోతే టిన్ను. వయసు చూడరు, వరస చూడరు. మా మామ మీసాలు రాకముందు ఆ వరసలో నిలబడ్డవాడు, ఏ ఏడూ అందులోంచి దిగలేదు. ఊళ్లో ఆయనకి వేరే ఆస్తి ఏమీ లేదు. ఆ చోటే ఆస్తి.

పోయిన వానాకాలం జీలుగు కల్లు గియ్యడానికి ఎక్కి, చెట్టు మీంచి జారి పడ్డాడు. కుడి భుజం కీలు తప్పింది. జోలె కట్టి మోసుకుని దించారు. నర్సీపట్నం ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని, నెలకి పైగా మా ఇంట్లోనే ఉన్నాడు. అన్నం ఎడం చేత్తో తినలేక, కూతురు కలిపి పెడితే తినడానికి సిగ్గుపడి, ఆ నెలంతా అటుకులు, అరటిపళ్లు అంటూ కాలక్షేపం చేశాడు. నేను "మావా, నీకు పళ్లొస్తన్నాయి కాబోలు" అంటే, "వస్తే ముందు నిన్నే కొరుకుతాను" అనేవాడు. చెయ్యి బాగయింది. అంటే, పైకి లేస్తోంది. గొడుగు పట్టుకోగలడు, మేకని కట్టగలడు. అంతకు మించి ఆ చేతి సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఈ ఏడు పండగకి పక్షం రోజుల ముందు, గోనెసంచిలో చుట్టిన విల్లు పట్టుకుని కొండ దిగాడు. ములుకులు చేయించాలట. ఏటా మా షెడ్డులో విరిగిన కమాను పట్టీ ముక్కలు నేను దాచి ఉంచుతాను. వాటిని గొలుగొండ రోడ్డులో ఉన్న కమ్మరాయన కొలిమిలో పెట్టి ములుకులు కొడతాడు. లారీ బరువు మోసిన ఉక్కు కదా, పదును నిలుస్తుంది.

"పాత విల్లేదీ మావా?" అన్నాను, గోనె విప్పగానే. ఇది కొత్తది. వెదురు ఇంకా పచ్చగానే ఉంది.

"దానికి సెద పట్టీసింది."

కట్టెల పొగలో ముప్పై ఏళ్లు వేలాడి నల్లగా నిగనిగలాడే ఆ విల్లుకి చెద పట్టడమా! పట్టిన చెద పళ్లు ఊడిపోవాలి. కానీ నేను నవ్వి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్న కమ్మరాయన దగ్గరికి వెళ్లాం. మా మామకి ములికి ఎంచుకోవడమంటే పెళ్లికూతుర్ని చూడ్డం కంటే పెద్ద పని. కొలిమి పక్కన గొంతుక్కూర్చుని, నేల మీద పుల్లతో ఆకు బొమ్మ గీశాడు. మూడు వేళ్ల వెడల్పు. ఏటా అదే బొమ్మ.

"ఇంత ఎడల్పు. రెండు పక్కలా పదును. మొనకి నీరు బాగా పట్టించాల, లేదంటే ఎముక్కి తగిలి ఒంగిపోద్ది" అన్నాడు.

"ప్రతీ ఏడూ చేస్తన్నాను కదా దొరా. కళ్లు మూసుకు కొట్టీగలను" అన్నాడు కమ్మరాయన.

"కళ్లు మూసుకునే కొడతన్నావు. పోయినేడు ఒకటి వంకరొచ్చింది."

నేను తగుదునమ్మా అని దూరాను. "మావా, సన్నదైతే బేగి దూరుతాది కదా. ఇంత వెడల్పు దేనికి?"

మామ నా వైపు చూశాడు. ఆటపట్టించే చూపు కాదు. "సన్నదైతే దూరుతాది. దూరి అందులోనే ఉండిపోద్ది. గాయం నోరు మూసుకుపోద్ది. రగతం కింద పడదు, జాడ దొరకదు. ఆ పంది ఏ వాగులోనో పడి, మూడు రోజులు మూలుగుతాది. ఎడల్పుదైతే నూరడుగులు పరిగెట్టకుండానే పడిపోద్ది. సంపాలనుకున్నోడు దాన్ని ఏడిపించకూడదు, అల్లుడా."

"ఇప్పుడు వేటేటి, కేకలే కదా మావా. పేరుకి."

"వేట పేరుకైతే అవనీ. ములికి పేరుకి ఉండకూడదు."

కమ్మరాయన సుత్తి పక్కన పెట్టి, తలూపాడు. ఆరు ములుకులు, ఎల్లుండి సాయంత్రానికి ఇస్తానన్నాడు.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ వాళ్ల అయ్యని భుజం చూపించడానికి ఆస్పత్రికి తీసుకెళ్లింది. విల్లు మా ఇంట్లో గోడకి ఆనించి ఉంది. ఊరికే తీసి లాగి చూశాను. పాత విల్లుని పదకొండేళ్లలో నేను ఛాతీ దాకా లాగలేకపోయాను. ఇది చెవి దాకా వచ్చేసింది. నా చెవి దాకా!

మా షెడ్డులో ఒక నియమం ఉంది. ఏ లారీ ఎంత బరువు మోస్తుందో తెలియకుండా కమాను కట్టకూడదు. ఎక్కువ పట్టీలు వేస్తే బండి ఎగిరి పడుతుంది, తక్కువ వేస్తే కూలబడుతుంది. ఆ అలవాటు కొద్దీ, విల్లు షెడ్డుకి పట్టుకెళ్లి, పక్క చింతపండు కొట్టులోంచి కొక్కెం కాటా అడిగి తెచ్చాను. షెడ్డు దూలానికి కాటా తగిలించి, కొక్కెం నారికి వేసి, విల్లుని పూర్తిగా కిందికి లాగాను. ముల్లు పన్నెండు కేజీల దగ్గర ఆగింది. పాతది ముప్పైకి తక్కువ ఉండదు.

పన్నెండు కేజీల విల్లుకి మూడు వేళ్ల వెడల్పు ములికి కడితే ఏమవుతుందో చెప్పడానికి చదువు అక్కర్లేదు. వెడల్పు ములికి దారి కోసుకుంటూ పోవాలి. దానికి వెనకాల బలం ఉండాలి. బలం లేకపోతే చర్మం మీదే ఆగిపోతుంది. అడివిపంది భుజం దగ్గరైతే తోలు కింద డాలు లాంటి అట్ట ఉంటుంది, దాని సంగతి సరేసరి. పంది దాకా ఎందుకు, అరటి బోదెలోనే సగం దూరి నిలబడిపోతుంది. అంటే మా మామ ఈ ఏడు ముందు వరస దిగిపోతాడు. ఊరందరి ముందూ, బాణం బాణానికీ ఒక మెట్టు చొప్పున. అలా దిగి నా పక్కన టిన్ను పట్టుకుని నిలబడాలి. నాకది కళ్ల ముందు కనిపించడం మొదలుపెట్టింది.

సాయంత్రం కమ్మరాయన దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లాను. "వెడల్పు వేలున్నర చెయ్యి. పొడుగు పెంచు. ఉక్కు మందంగా, బరువుగా ఉంచు. మొన గుండుసూదిలా ఉండాలి" అన్నాను.

"దొర ఊరుకుంటాడా?"

"వెడల్పు పట్టీ దొరకలేదని చెప్తాను."

"కమాన్ల షెడ్డులో పట్టీ దొరకలేదంటే, దొర కాదు, దొర మేక కూడా నమ్మదు" అన్నాడాయన. కానీ పని ఒప్పుకున్నాడు. ఆయనకీ ఆ భుజం సంగతి తెలుసు.

ఇంతవరకూ నేను చేసింది మంచి పనే. ఇక్కడ ఆగి ఉంటే, ఇదంతా రాయాల్సిన అవసరం ఉండేది కాదు. కానీ మర్నాడు పొద్దున్న షెడ్డు ఎదురుగా టీ బడ్డీ దగ్గర నిలబడ్డాను. కృష్ణదేవిపేట ఆటో కోసం నలుగురైదుగురు కాచుకుని ఉన్నారు. జనం కనిపిస్తే నా నోటికి జ్వరం వస్తుంది. "మా మావ విల్లు కాటా వేశాను. పన్నెండు కేజీలు. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు పదమూడు" అన్నాను. అందరూ నవ్వారు. ఒకాయన టీ ఒలకబోసుకుని మరీ నవ్వాడు. నాకు గొప్పగా అనిపించింది. ఆయన ఎక్కడివాడో, ఆ ఆటోలో ఎంత దూరం వెళ్తాడో అడగాలని తోచలేదు.

ములుకులు పేపర్లో చుట్టి ఇంటికి తెచ్చాను. మామ అరుగు మీద కూర్చుని పొట్లం విప్పాడు. ఆరింటినీ వరసగా పేర్చాడు. ఒకదాన్ని తీసి, ఎడం చేతి గోటి మీద పదును చూశాడు.

"నాను గీసిన బొమ్మ ఇది కాదు."

"వెడల్పు పట్టీ దొరకలేదు మావా."

"దొరకలేదా."

"లారీలన్నీ సన్నబడిపోయాయి ఈ మధ్య."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పక్కనున్న విల్లు ఒళ్లోకి తీసుకుని, నారి మీద వేలు పెట్టి మెల్లగా జరిపాడు. మా అత్తోరి వైపు నారికి తాడు వాడరు, సన్నగా చీల్చిన వెదురు బద్దే నారి. సరిగ్గా నడిమధ్యన వేలు ఆగింది. వంగి చూశాను. కాటా కొక్కెం నొక్కిన చోట వెదురు మీద చిన్న మెరుపు గీత. ఆయన ఆ గీతని బొటనవేలితో రెండుసార్లు రుద్దాడు, తుడిస్తే పోతుందేమో అన్నట్టు. తర్వాత ములుకులు మళ్లీ పేపర్లో చుట్టి, సంచిలో పెట్టుకున్నాడు.

"ఎంతొచ్చింది?" అని కూడా అడగలేదు. అడిగితే ఏదో ఒక అబద్ధం తయారుగా పెట్టుకున్నాను. పదిహేడనో, పద్దెనిమిదనో.

మర్నాడు మొదటి ఆటోకే వెళ్లిపోయాడు. ఆటో మలుపు తిరిగాక మా ఆవిడ నా వైపు తిరిగింది. "మా అయ్య సెయ్యెలాగుందో నాకు తెలీదా? డాక్టరుకి తెలీదా? మా అమ్మకి తెలీదా? అందరం తెలీనట్టు ఉంటన్నాం కదా. నువ్వు కాటాయే ఎయ్యాలేటి?"

"ఆయన నిలబడాలనే కదా..."

"నిలబెట్టు. నిలబెట్టి, నోరు మూసుకో."

మొదటి ముక్క నేను పాటించాను. రెండోది అప్పటికే ఆటో ఎక్కి కొండ మీదికి వెళ్లిపోయిందని ఆమెకి తెలీదు. నాకూ తెలీదు.

తెలిసింది బోదె పాతిన రోజున. మేమిద్దరం పొద్దున్నే బయల్దేరి, చెమటలు కక్కుకుంటూ ఊళ్లోకి అడుగు పెట్టేసరికి జనం గుమిగూడి ఉన్నారు. కుర్రకారు అప్పటికే బాణాలు వేసేస్తున్నారు. మా మామ విల్లు పట్టుకుని ఇంట్లోంచి వస్తుంటే, ఎవరో గట్టిగా అన్నారు.

"తప్పుకోండర్రా! పన్నెండు కేజీల మావొచ్చీసేడు!"

గొల్లుమన్నారు. అన్నవాణ్ణి చూశాను. టీ ఒలకబోసుకున్నాయనే. పక్క ఊరివాడట, బోదె చూడ్డానికొచ్చాడు. నన్ను గుర్తుపట్టి, దండం కూడా పెట్టాడు. అంత మంచి జోకు ఇచ్చినందుకు.

నా జోకు ఇంకొకరి నోట వినడం నాకదే మొదటిసారి. ఇంత చెడ్డగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి. మామ నడక ఆపకుండానే తల తిప్పి ఒక్కసారి నా వైపు చూశాడు. కోపం ఉంటే బాగుండేది. 'నువ్వేనా' అన్నట్టు చూశాడు, అంతే.

వెళ్లి గీత దగ్గర నిలబడ్డాడు. చేతిలో మూడు బాణాలు. మొదటి దానికి కట్టింది పాత వెడల్పు ములికి. పోయినేటిది కాబోలు. లాగాడు. భుజం దగ్గర చొక్కా వణకడం నాకు కనిపించింది. బాణం తిన్నగా వెళ్లి బోదె నడుమ తగిలింది. గురిలో వెంట్రుకవాసి తేడా లేదు. కానీ సగం ములికి బయటే ఉండిపోయింది. కాసేపు ఊగి, బరువుకి కిందికి వాలిపోయింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదేమో. అంతకుముందు నవ్విన టీ ఆయన కూడా నేల చూపులు చూస్తున్నాడు. మా అత్త అరుగు మీద నిలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మామ రెండో బాణం తీశాడు. అది నేను చేయించినది. దూరం నుంచే గుర్తుపట్టాను, మన చేతి సరుకు కదా. మళ్లీ లాగాడు. ఈసారి విడిచిపెట్టిన చప్పుడు వినిపించింది గానీ తగిలిన చప్పుడు వినిపించలేదు. బోదె వెనకాల నిలబడ్డ కుర్రాడొకడు వంగి చూసి, "వచ్చీసింది! నాలుగు వేళ్లంత వచ్చీసింది!" అని అరిచాడు.

డప్పు మోగింది. ఊరి పెద్ద చెయ్యెత్తి "ముందు వరస" అన్నాడు. మూడో బాణం వెయ్యకుండానే మామ వెనక్కి తిరిగాడు. నేను ఎగిరి గంతేశాను. నా ములికి! నా లెక్క! ఏడో తరగతి లెక్కల మాస్టారు ఉండి ఉంటే ఆయన కాళ్ల మీద పడేవాణ్ణి.

ఆ రెండు రోజులూ మామ నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గర పక్కనే కూర్చున్నాడు. ఉప్పు కావాలంటే కూతుర్ని అడిగాడు. నేను నాలుగు జోకులు వేశాను. నాలుగూ నేల మీద పడి, అక్కడే ఉండిపోయాయి. మా అత్త జాలిపడి ఒకదానికి నవ్వబోయి, మొగుడి మొహం చూసి మానేసింది. బిందె తర్వాత ఆవిడకి నా మీద జాలి కలగడం అదే మొదటిసారి. నా పరిస్థితి ఎంత దిగజారిందో చూసుకోండి.

వేట రోజు పొద్దున్న వరసలు కట్టారు. విల్లుల వాళ్లు వాగు వైపు, టిన్నుల వాళ్లు గట్టు మీదికి. నా టిన్ను నేను తీసుకుని గట్టెక్కి నిలబడ్డాను. కాసేపటికి వెనకాల ఆకులు చప్పుడైతే తిరిగి చూశాను. మామ. చేతిలో విల్లు లేదు. టిన్ను ఉంది.

ఊరి పెద్ద కింద నుంచి కేకేశాడు. "అటెక్కడికి? నీ సోటు ఇక్కడ! నువ్వు నెగ్గేవు కదా!"

"నెగ్గేను. అందరూ సూసేరు కదా" అన్నాడు మామ.

"మరి రా!"

"బోదె కాబట్టి నెగ్గేను. బోదెకి సన్నదైనా ఒకటే, ఎడల్పుదైనా ఒకటే. అది ఏడవదు." కాస్త ఆగాడు, ఊపిరి కోసం. గట్టు ఎక్కొచ్చాడు కదా. "సన్నదాంతో పందిని కొట్టాలంటే దాని ఊపిరి వినిపించేంత దగ్గరికి పోవాల, ఎముక తప్పించి కొట్టాల. అంత దగ్గరకి పోతే, అది మీదకొస్తే తప్పుకోవాల. ఆ కాళ్లు నాకు లేవు. దూరం నుంచి కొడితే అది గాయంతో తిరుగుతాది. ఎడల్పుది ఎయ్యడానికి ఆ సెయ్యీ లేదు. పోండి, పోండి. ఎండెక్కుతాది."

కిందున్న వాళ్లు మామ చోటు అలాగే ఖాళీగా ఉంచి, అటూ ఇటూ నిలబడ్డారు. వరసలో ఒక పన్ను ఊడినట్టు కనిపించింది.

నేను టిన్ను కింద పెట్టేశాను. ఏదో అనాలి. నా దగ్గరున్న మాటలన్నీ వెటకారానికే తయారు చేసినవి, వేరే రకం స్టాకు లేదు. "మావా, నేను..." అని ఆగిపోయాను.

ఆయన నా వైపు చూడకుండా, కర్రతో టిన్ను మీద మెల్లగా తట్టి చూసుకున్నాడు, శబ్దం బాగుందో లేదో అని. "నువ్వు సేయించిన ములుకులు మంచివేరా. నా సేతికి సరిగ్గా సరిపోనాయి" అన్నాడు. "ఎవరో దింపితే దిగినోణ్ణి కాకుండా, నాకు నానే దిగీలాగ సేసేయి. దానికేటి, మంచివే."

ఇంకా ఏదో అంటాడనుకున్నాను. అప్పటికే కింద డప్పు మొదలైంది. ఇద్దరం కొట్టాం. కొత్త కదా, ఆయనకి తాళం కుదరలేదు. నేను రెండు కొడితే ఆయన ఒకటి కొట్టాడు. నేను చెయ్యి మందగించి, ఆయనతో కలిపాను. పొదలన్నీ కదిలాయి. పక్షులు లేచాయి, ఒక కుందేలు లేచింది, పక్క ఊరి ఆవు ఒకటి బెదిరి పరిగెత్తింది. పంది లేవలేదు. ఎండ నడినెత్తికొచ్చేదాకా కొట్టి, వట్టి చేతులతో దిగాం.

ఊరి మొదట ఆడవాళ్లు సిద్ధంగా ఉన్నారు. మా అత్త చేతిలో కొత్త స్టీలు బిందె, నిండా పేడనీళ్లు. నేను కళ్లు మూసుకున్నాను. చప్పుడైంది గానీ నాకు తడి తగల్లేదు. కళ్లు తెరిచి చూస్తే మామ నిలువునా తడిసిపోయి ఉన్నాడు. ముందు వరస వాళ్ల మీద కూడా పోస్తారు గానీ, మా మామ ఎప్పుడూ వట్టి చేతులతో వచ్చిన మనిషి కాదు. ఆయన మీద పేడనీళ్లు పడటం ఊరు మొదటిసారి చూసింది.

"ఎలాగుంది?" అంది మా అత్త, నడుం మీద చెయ్యేసుకుని. "ఇన్నేళ్లూ తప్పించుకున్నావు. టిన్నోళ్లలో కలిసేక దొరికేవు."

మామ మొహం తుడుచుకున్నాడు. మీసాల్లోంచి పేడ కారుతోంది. ఆ మొహంతో నవ్వడం మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ ఆపలేదు. మా ఆవిడ నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. అందరి నవ్వూ అయ్యాక మా అత్త బిందె అడుగున మిగిలింది నా నెత్తిన ఒంపింది. పాత బాకీ మర్చిపోలేదు.

ఇప్పుడు ఆ ఆరు ములుకుల్లో ఒకదాన్ని కర్రకి కట్టి మా మామ అడివి దుంపలు తవ్వుతున్నాడు. ఇంకొకదాంతో మా అత్త ఉల్లిపాయలు తరుగుతోంది, చాలా బాగా తెగుతున్నాయట. మిగతావి చూరులో ఉన్నాయి. పాత నల్ల విల్లు కూడా చూరులోనే ఉంది. చెద పట్టలేదు.

ఆ వేట రోజు సాయంత్రం వాగులో స్నానానికి దిగాం, ఇద్దరమే. ఆయన కుడిచెయ్యి వీపు మీదికి వెళ్లదు కదా, నేను వెనక నిలబడి పేడ కడుగుతున్నాను. మొహాలు ఎదురుగా లేనప్పుడు మాట్లాడటం తేలిక. "మావా, ఆ కాటా సంగతి నేను ఎవరితోనూ అనకుండా ఉండాల్సింది. తప్పయిపోయింది" అన్నాను. నా జీవితంలో జోకు కలపకుండా అన్న మొదటి మాట అదే అయ్యుంటుంది.

ఆయన మీసాల్లో మిగిలిన పేడ కడుక్కున్నాడు. తర్వాత భుజం మీంచి తల తిప్పి అన్నాడు.

"ఆ బిందెకి సిల్లు పెట్టేవని నిన్ను టిన్ను కాడ పెట్టేం అనుకుంటన్నావేటి, ఇన్నేళ్లూ? టిన్ను మర్సిపోయి వచ్చినా నీ నోటికి పందులు లెగుస్తాయని పెట్టేంరా. వీపు రుద్దు."